గాజు పక్కన కామా

కంభంలో పసుపు కొట్ల వీధి చివర ఒక పఠన మందిరం ఉండేది. చిన్న పెంకుటిల్లు. వసారాలో రెండు బల్లలు, లోపల ఒక గది. 1933లో దాన్ని చూసుకునే పని ఆదినారాయణది. పొద్దున తలుపు తీయడం, పత్రికలు బల్లల మీద పరచడం, సాయంత్రం వాటిని మడిచి కట్ట కట్టడం, ఇంతే. వచ్చేవాళ్ళందరూ పత్రిక కోసమే వచ్చేవాళ్ళు. మద్రాసు నుంచి రైల్లో వచ్చేసరికి అది పాతబడి ఉండేది. అయినా ఆ ఒక్క కాగితం కోసం నలుగురు నాలుగు వైపుల నుంచి మెడలు చాచేవాళ్ళు. లోపలి గదిలోని అద్దాల బీరువా వైపు ఎవరూ తొంగి చూసేవాళ్ళు కాదు.

ఆ బీరువాలోవి ఎప్పుడో ఉద్యోగం చాలించి ఊరు విడిచి వెళ్ళిన ఒక అధికారి ఇచ్చిన పుస్తకాలు. కథలు కావు, పురాణాలూ కావు. ఒక తెలుగు నిఘంటువు, ఒక ఇంగ్లీషు తెలుగు నిఘంటువు, పాత రైల్వే టైం టేబుళ్ళు, పశువుల జబ్బుల మీద ఒక పుస్తకం, అడవి చెట్ల పేర్ల పట్టిక, జిల్లా సంగతులన్నీ ఒకచోట చేర్చి ఎవరో దొర రాసిన లావుపాటి ఇంగ్లీషు పుస్తకం. ఇవి చదివేవి కావు, అవసరం వచ్చినప్పుడు చూసుకునేవి అని చెప్పి ఇచ్చాడట ఆయన. కంభంలో ఎవరికీ ఆ అవసరం రాలేదు, ఆదినారాయణకు తప్ప.

ఆదినారాయణకు నాటకాలు రాసే పిచ్చి. ముప్పై రెండేళ్ళ మనిషి, థర్డ్ ఫారం దాకా చదివాడు. సేద్యం తమ్ముడు చూసుకుంటున్నాడు కాబట్టి ఇంట్లోవాళ్ళు ఆ పిచ్చిని సహించారు. కథ పుట్టించడానికి అతనికొక పద్ధతి ఉండేది. మధ్యాహ్నం వసారా ఖాళీ అయ్యాక నిఘంటువు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు మూసుకుని ఒక పుట తెరిచేవాడు. వేలు ఏ మాట మీద పడితే ఆ మాట. ఒకసారి 'గుదిబండ' వచ్చింది. పరుల పొలాల్లో పడే గొడ్డు మెడకు కట్టే దుంగ. ఊరి గొడ్లన్నిటికీ గుదిబండలు చెక్కిచ్చిన వడ్రంగి కొడుకే ఇల్లు విడిచి పారిపోతే? ఆ ఆలోచనతో రెండు రోజులు అన్నం సయించలేదు. ఇంకోసారి టైం టేబుల్లో ఒక చిన్న స్టేషన్ దగ్గర ఎదురెదురు బళ్ళు రెండూ పదకొండు నిమిషాలు ఆగుతాయని చూశాడు. మాటలు లేని అన్నదమ్ములు ఇద్దరు చెరొక బండి కిటికీ దగ్గర కూర్చుంటే, ఆ పదకొండు నిమిషాలూ ఏం చేస్తారు? గాలికుంటు వచ్చిన ఎద్దును కదిలించకూడదని పశువుల పుస్తకంలో చదివి, దారి మధ్యలో ఆగిపోయిన పెళ్ళిబండి కథ మొదలుపెట్టాడు.

మొదళ్ళన్నీ బాగుండేవి. చిక్కల్లా ఆ తర్వాతే. వడ్రంగి కొడుకు పారిపోయాక ఏమైందో నిఘంటువు చెప్పదు. బళ్ళు కదిలాక అన్నదమ్ములు ఏమయ్యారో టైం టేబుల్లో ఉండదు. అతని నోటు పుస్తకంలో అట్లా నలభై మూడు మొదళ్ళు చేరాయి. కడ దాకా నడిచింది ఒక్కటీ లేదు. ఒక్కోరోజు ఆ నోటు పుస్తకం చూస్తే సగం కట్టి వదిలేసిన ఇళ్ళ మధ్య నిలబడ్డట్టుండేది అతనికి.

ఊళ్ళో ఒక నాటక సమాజం ఉండేది. దాని పెద్ద రంగయ్య. చెరువు కింద మాగాణి, పసుపు తోటలు ఉన్న రైతు. రాజు వేషం ఎప్పుడూ ఆయనదే. రిహార్సళ్ళు ఆయన పసుపు కొట్లోనే జరిగేవి కాబట్టి వేషగాళ్ళందరి పంచెలకూ పసుపు అంటుకుని ఉండేది. ఆ సమాజానికి ఆదినారాయణ రెండు పౌరాణికాలు ఇచ్చాడు. రాశాడు అనడం కంటే పాతవాటిని అటూ ఇటూ కత్తిరించి కుట్టాడు అంటేనే సరి. వాటిని తలుచుకుంటే అతనికే సిగ్గు.

ఒకరోజు రంగయ్య పత్రిక చూడ్డానికి వచ్చి, చూడకుండానే పక్కన పెట్టాడు.

"ఈసారి కొత్తది కావాల ఆదినారాయణా. కిరీటాలు పెట్టుకోని పెట్టుకోని నెత్తిన ఎంటికలు ఊడిపోయినాయి. మార్కాపురం వాళ్ళు నవ్వుతాండారు. మన పక్క జరిగింది, ఎవురూ సూడంది ఒకటి రాయి. ఎండాకాలంలోపల ఆడాల."

"రాస్తా మామా."

"ఆ బీరువాలో దూరి రాస్తానంటే మాత్రం ఒప్పుకోను. డిక్షనరీలో కథలుంటే పంచాంగంలో గూడ ఉంటాయి. ఇంకో మాట. మొదలు ఒక్కటే తెచ్చి నా ముందర పెట్టబాక. కడ గూడ ఉండాల."

ఆ ఆఖరి మాట ఆదినారాయణకు ముల్లులా గుచ్చుకుంది. రంగయ్య వెళ్ళగానే బీరువా తెరిచాడు. పదిహేను రోజులు వరుసగా తెరిచాడు. వేలు 'దోసిలి' మీద పడింది, 'దౌడు' మీద పడింది, ఒకనాడు పుట కింద అచ్చువేసిన అంకె మీద పడింది. ఏదీ కదల్లేదు. విసుగొచ్చి, కళ్ళు మూసుకోవడం మానేసి, జిల్లా పుస్తకం తీశాడు. అతని ఇంగ్లీషు అంతంత మాత్రం. పక్కన ఇంగ్లీషు తెలుగు నిఘంటువు పెట్టుకుని, బియ్యంలో రాళ్ళేరినట్టు ఒక్కొక్క మాటా ఏరుకుంటూ చదివాడు. నాలుగో రోజుకు అడవుల అధ్యాయం చేరాడు. నల్లమలలో కొలతలకు వచ్చిన దొరల బృందం దారి తప్పి మూడు రోజులు తిరుగుతుంటే, అంకన్న అనే చెంచు మనిషి వాళ్ళను బయటికి తీసుకొచ్చాడనీ, అందుకు అతనికి ఒక 'బ్యాంగిల్' బహూకరించారనీ అక్కడ ఉంది. అంతే. తర్వాతి వాక్యం వెదురు గురించి.

'బ్యాంగిల్' ఏమిటా అని నిఘంటువు తిప్పాడు. ఆ పుటల అంచులు పురుగు తినేసింది. ఆ మాట ఎదురుగా 'గాజు' అని కనిపించింది.

ఆదినారాయణ లేచి నిలబడ్డాడు. ప్రాణాలు కాపాడిన మగవాడికి గాజు ఇవ్వడమేమిటి? వెక్కిరింతా? దొరకు తెలియకా? చేతిలో గాజు పెట్టినప్పుడు అంకన్న ఏమనుకుని ఉంటాడు? గూడేనికి పోయి ఏమని చెప్పుకుని ఉంటాడు? ఇన్నేళ్ళుగా వెతుకుతున్నది ఇదేననిపించింది. ఆ రోజు పత్రికలు బల్లల మీదే వదిలేసి ఇంటికి పోయాడు.

పదకొండు రోజుల్లో మూడు రంగాలు రాశాడు. ఎన్నడూ అంత వేగంగా కలం సాగలేదు. దొర గాజు చాచడం, చుట్టూ నౌకర్లు ముసిముసి నవ్వులు నవ్వడం, అంకన్న చేయి చాచాలో వద్దో తెలియక నిలబడిపోవడం దాకా వచ్చింది. అక్కడ ఆగిపోయింది. కడ మళ్ళీ లేదు.

అయినా ఉన్నంత వరకు రంగయ్యకు చదివి వినిపించాడు. గాజు దగ్గరికొచ్చేసరికి రంగయ్య తొడ మీద చరుచుకుని నవ్వాడు.

"మగోనికి గాజు! ఈ ఒక్క ముక్క చాలు ఆదినారాయణా, కిరీటాలన్నీ పారేయొచ్చు. అంకన్న వేషం మన కొండయ్యకిస్తాం. ఒకటి గాదు, డజను గాజులు తొడుగుతాం. జనం దొర్లి దొర్లి నవ్వాల."

కొండయ్య దర్జీ. సమాజంలో హాస్యం అంతా అతనిదే. నవ్వు కోసం రాసిన రంగం కాదని ఆదినారాయణ చెప్పబోయాడు. ఇన్నాళ్ళకు తన కొత్త రాత ఒకటి ఎవరికైనా నచ్చిందన్న సంతోషంలో ఆ మాట మానుకుని తనూ నవ్వాడు. రిహార్సళ్ళు మొదలయ్యాయి. కడ మాత్రం రంగయ్య రోజూ అడుగుతున్నాడు, ఆదినారాయణ రోజూ రేపంటున్నాడు.

ఇంట్లో అతని భార్య లక్ష్మీదేవమ్మ చేటలో కందిపప్పు చెరుగుతూ ఈ అవస్థ చూసింది.

"ఆ అంకన్న చెంచాయనే గదా?" అంది.

"అవును."

"సంతకి కుంకుడుకాయలు తెచ్చే బయ్యమ్మ ఉండాదే, ఆమెను అడగరాదా?"

"అరవై ఏండ్ల నాటి మాట ఆమెకేం తెలుస్తాది?"

"పుస్తకాన్ని నెల దినాల నుంచి అడుగుతానే ఉండావు. అది పలికిందా? ఆమెకన్నా నోరుండాది."

అతనికి కోపం వచ్చింది. ఆ మాట తనకెందుకు తోచలేదని ఇంకా కోపం వచ్చింది.

సంతనాడు బయ్యమ్మ ఎప్పటిలాగే గోడ నీడన కూర్చుని ఉంది. ముందు కుంకుడుకాయల కుప్ప, పక్కన సొరబుర్రలో తేనె. అరవై దాటిన మనిషి. ఆదినారాయణ ఆమె ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు.

"అవ్వా, మీలో అంకన్న అని ఒకాయన ఉండేవాడంట."

"ఏ అంకన్న నాయనా? మాలో ఇంటికొక అంకన్న."

"దొరలకు దారి చూపించిన అంకన్న."

కుంకుడుకాయలు పోస్తున్న ఆమె చేయి ఆగింది. "ఆయన సంగతి నీకెవురు చెప్పినారు?"

"పుస్తకంలో ఉండాది."

"మా తాత పుస్తకంలో ఎక్కినాడా?" ఆమె కొంచెంసేపు అతని ముఖం చూసింది. "మా అమ్మకు నాయన. నేను చిన్నపిల్లగా ఉన్నప్పుడు బతికే ఉన్నాడు."

ఆదినారాయణ ముందుకు జరిగాడు. "మరి దొరలు ఆయనకు గాజు ఎందుకిచ్చినారు అవ్వా?"

"గాజేంది నాయనా? మగోనికి గాజేంది? కడియం. ఎండి కడియం, ఇంత లావు."

బయ్యమ్మ అతని ముఖం చూడకుండానే చెప్పుకుపోయింది.

"దొరలు దప్పికతో నాలికలు పిడచగట్టి పడిపోయినారంట. మా తాత చెలమలు చూపిచ్చినాడు. వాగులో ఇసక తోడితే నీళ్ళూరే చోట్లు. మూడు దినాలు నడుస్తా, యాడాడ చెలమ ఉండాదో అన్నీ చూపిచ్చినాడు. వాళ్ళు తాగినారు, కాయితం మీద గీసుకున్నారు. కడియం ఇచ్చి పోయినారు. కొన్నేండ్లకు మనుసులొచ్చి, యాడ చెలమ ఉంటే ఆడ రాయి పాతినారు. అడివి సర్కారుదంట. గూడెం కిందికి దించమన్నారు."

"అంకన్న ఏం చేసినాడు?"

"ఏం చేస్తాడు? నీళ్ళు చూపిచ్చినోడివి నువ్వే గదా అని మావోళ్ళు ఆయనతో మాటలు ఇడిసినారు. ఆయన గూడ మళ్ళా ఎవురికీ చెలమ చూపలే. కడుపున పుట్టిన మా అమ్మకి గూడ చూపలే. దప్పికని ఎవురన్నా వస్తే సొరబుర్రతో నీళ్ళిచ్చేటోడు. 'తాగు, యాడివని అడగబాకు' అనేటోడు. అట్లనే పోయినాడు."

ఆదినారాయణ లేవబోతుంటే ఆమె అడిగింది. "మా తాత మీద ఆట ఆడతాండారా? నేను సూడొచ్చా?"

"రా అవ్వా. వచ్చే సంతకి రా," అన్నాడు అతను, ఏమంటున్నాడో తనకే తెలియకుండా.

తిన్నగా పఠన మందిరానికి పోయి నిఘంటువు తెరిచాడు. 'గాజు'. దాని పక్కన ఒక కామా ఉంది. నెల రోజులుగా ఉంది. కామా అంటే తర్వాత ఇంకో మాట ఉండాలి. ఆ ఇంకో మాట పురుగు కడుపులోకి పోయింది. అంత చిన్న గుర్తును చూసీ చూడకుండా దాటిపోయి, తన బతుకులో మొట్టమొదటి అసలైన కథ అనుకున్నదాన్ని దాని మీద కట్టాడు. పుస్తకాన్ని ఠపీమని మూశాడు. పురుగు మీద కోపం, పుస్తకాలిచ్చి వెళ్ళిన అధికారి మీద కోపం. కాసేపటికి అవన్నీ తగ్గి తన మీద కోపం ఒక్కటే మిగిలింది.

అయితే ఇప్పుడు కడ దొరికింది. సొరబుర్రతో నీళ్ళిచ్చి, దారి చెప్పని ముసలి అంకన్న. మూడు రోజులు కూర్చుని గాజు రంగం కొట్టేసి, నాటకమంతా తిరగరాశాడు. అది పట్టుకుని పసుపు కొట్టుకు పోయాడు. అందరూ అక్కడే ఉన్నారు. రంగయ్య ఓపిగ్గానే విన్నాడు.

"గాజు ఏది?" అన్నాడు చివర.

"గాజు కాదు మామా. కడియం. పురుగు తినింది."

"కడియాన్ని పురుగు తినిందా?"

"కడియాన్ని గాదు, డిక్షనరీని."

కొట్టంతా గొల్లుమంది. కొండయ్య బస్తాల మీద వెల్లకిలా పడి నవ్వాడు. ఆదినారాయణ చెవులు ఎర్రబడ్డాయి.

"నవ్వులు కాదు మామా. జరిగింది ఇది. ఆయన మనవరాలే చెప్పింది."

రంగయ్య నవ్వు ఆపి, అతన్ని పక్కకు పిలిచాడు. "సూడు ఆదినారాయణా. నువ్వు మంచోడివి. దప్పిక సూడను జనం టిక్కెట్టు కొంటారా? మన మెట్ట చేలల్లో రోజూ సూస్తానే ఉండారు. ఇంగ రాళ్ళు పాతినారు, గూడెం లేపినారు అని మనం ఆడితిమా, రేపు కట్టెలకు మన బండ్లని సర్కారోళ్ళు అడివిలోకి పోనిస్తారా? నువ్వే చెప్పు. నువ్వు ముందర రాసింది రాసినట్టు ఆడదాం. కడ నేను చూసుకుంటా. రాజొచ్చి అంకన్నకు ఊరు రాసిస్తాడు, అయిపాయె."

"ఆ కాలంలో రాజెవురు మామా?"

"నేనే," అన్నాడు రంగయ్య.

ఆదినారాయణ బతిమాలాడు, అరిచాడు, నా నాటకం నాకిచ్చేయమన్నాడు. కాగితాలు ఇచ్చేశారు కూడా. కాని మాటలన్నీ వాళ్ళకు అప్పటికే నోటికి వచ్చేశాయి. నోట్లో ఉన్నదాన్ని ఎవరు తిరిగి తీసుకోగలరు?

తర్వాతి సంతనాడు బయ్యమ్మ కోసం పొద్దుట్నుంచీ గోడ దగ్గర కాచుకుని కూర్చున్నాడు, ఆటకు రావద్దని చెబుదామని. ఆమె రాలేదు. మధ్యాహ్నం పఠన మందిరం తాళం తీయడానికి పోయినప్పుడు కొట్టు వైపు నుంచి హార్మోనియం వినిపించింది. అటు చూస్తే, తలుపు దగ్గర బయ్యమ్మ నిలబడి ఉంది. పక్కన ఆమె కూతురు గంగులమ్మ. ఆ పూట ఆలస్యంగా వచ్చి, సంతకు పోకుండా, పాట విని నేరుగా అక్కడికి చేరారు.

ఆదినారాయణ పరుగెత్తాడు. అప్పటికే లోపల కొండయ్య రెండు చేతులకూ గాజులు తొడుక్కుని, నడుం తిప్పుతూ, గలగలలాడిస్తున్నాడు. చుట్టూ పదిహేను మంది పొట్టలు పట్టుకుని నవ్వుతున్నారు.

"ఎవురాయన?" అంది బయ్యమ్మ.

కొండయ్యకు ఆమె ఎవరో తెలియదు. ఆట ఊపులోనే ఉన్నాడు. "నేనేనమ్మా, చెంచు అంకన్నను!" అని ఆమె ముఖం ముందు గాజులు ఊపాడు. మళ్ళీ నవ్వులు.

బయ్యమ్మ వెనక్కి తిరిగి, రొప్పుతూ వచ్చిన ఆదినారాయణను చూసింది.

"ఆ గాజులు ఎవురు ఏసినారు నాయనా?"

"నేనే అవ్వా. తెలవక ఏసినా."

"నేను చెప్తి గదా. చెప్పినాంక గూడ ఉండాయే."

గంగులమ్మ తల మీది మూట సర్దుకుంది. ఇద్దరూ వచ్చిన దారినే వెళ్ళిపోయారు. ఎవరో కొండయ్య చెవిలో సంగతి చెప్పారు. అతను ఒక్కొక్క గాజూ తీసి బస్తా మీద పెట్టాడు. మరునాడు రంగయ్య కోప్పడితే మళ్ళీ తొడుక్కున్నాడు.

ఆ ఎండాకాలంలో నాటకం ఆడారు. ఆదినారాయణ పోలేదు. పోయొచ్చిన లక్ష్మీదేవమ్మ, "జనం ఇరగబడినారు," అని ఒక్క మాట చెప్పి ఊరుకుంది. మార్కాపురం నుంచి పిలుపు వచ్చింది, తర్వాత కనిగిరి నుంచి. జీవితంలో అతనికి వచ్చిన పేరంతా ఆ నాటకంతోనే వచ్చింది. పఠన మందిరానికి వచ్చేవాళ్ళు పత్రిక దించి మరీ మెచ్చుకునేవాళ్ళు. వెనకాల 'గాజుల ఆదినారాయణ' అనేవాళ్ళు.

"ఆ గాజు ఊహ యాడ తట్టింది ఆదినారాయణా నీకు?"

"డిక్షనరీలో," అనేవాడు. అది కూడా హాస్యమే అనుకుని నవ్వేవాళ్ళు.

బయ్యమ్మ సంతకు రావడం మానేసింది. కుంకుడుకాయలు గంగులమ్మ ఒక్కతే తెచ్చేది. ఆదినారాయణను చూస్తే ముఖం తిప్పుకునేది.

వానలు వెనకబట్టాక అతను నోటు పుస్తకం సంచిలో వేసుకుని, కొండ అడుగున ఉన్న వాళ్ళ గూడేనికి నడిచిపోయాడు. ఒక పూట నడక. బయ్యమ్మ గుడిసె ముందు కూర్చుని ఉంది, లేవలేదు. పొమ్మని కూడా అనలేదు.

"అవ్వా, సరిగ్గా రాసినా. ఒకసారి వినండి. తప్పుంటే చెప్పండి."

"చదువు," అంది ఆమె.

ఓ బండ మీద కూర్చుని చదవడం మొదలుపెట్టాడు. పది పన్నెండు మంది చేరారు. రెండో మాటకే ఎవరో అడ్డం వచ్చారు.

"చెంచోడు అట్ల దండం పెట్టడు."

"చెలమ తోడేది చేత్తో. పార యాడిది?"

"కుక్క ఏది? తాత యెంబడి కుక్క లేకుండా ఉంటాదా?" అంది గంగులమ్మ.

ఒకటి దిద్దుకుంటే ఇంకొకటి. మొదటి రంగం అయ్యేసరికి పొద్దు వాలింది. ఆదినారాయణకు ఓపిక నశించింది. "ఇది నాటకమమ్మా! అన్నీ పెట్టలేను!" అని అరిచాడు.

"అట్లయితే మా తాత పేరెందుకు పెట్టినావు?" అంది బయ్యమ్మ. "ఏరే పేరు పెట్టుకో. ఎన్ని గాజులన్నా ఏసుకో."

అతను నోటు పుస్తకం మూసి ఇంటికి వచ్చాడు. ఇక పోనని లక్ష్మీదేవమ్మతో చెప్పాడు. నెల తిరక్కుండానే మళ్ళీ పోయాడు. అట్లా రెండేళ్ళు. పోయిన ప్రతిసారీ వాళ్ళు చెప్పిన ఒక కొత్త సంగతి అంతకుముందు కట్టుకున్న రంగాన్ని కూల్చేసేది.

"పుస్తకంలో ఒక్క వాక్యం చూసినప్పుడు పదకొండు దినాల్లో రాసినా," అన్నాడు ఒకసారి భార్యతో. "ఇప్పుడు నూరు సంగతులు తెలుసు. ఒక్క పేజీ కదలకుండా ఉండాది."

"అప్పుడు నీకు అడ్డం చెప్పేటోళ్ళు లేరు," అంది ఆమె.

బీరువా మాత్రం మూతపడలేదు. కళ్ళు మూసుకుని వేలు పెట్టడం పోయింది. ఇప్పుడు గూడెం నుంచి ఏదో ఒక ప్రశ్న మోసుకొచ్చి దాంతో పుస్తకం తెరిచేవాడు. దొరలు కొలతలకు వాడిన గొలుసు ఎంత బరువుండేది? ఏ నెలలో ఏ చెట్టు కాస్తుంది? చెట్ల పట్టికలోని పేర్లు బయ్యమ్మకు చదివి వినిపిస్తే, సగం పేర్లకు ఆమె నవ్వి తమ పేర్లు చెప్పేది. వాటిని పట్టిక పక్కన ఇంకో కాగితం మీద రాసి పుటల మధ్య పెట్టేవాడు. సగానికి సగం ప్రశ్నలకు ఏ పుస్తకంలోనూ జవాబు దొరికేది కాదు. విసుగు తగ్గిందని చెప్పలేం. ఇప్పుడు ఎందుకు విసుగో మాత్రం తెలిసింది.

1936 మొదట్లో నాటకం కడదాకా ఒక్క అడ్డం లేకుండా వినిపించగలిగాడు. ముసలి అంకన్న సొరబుర్ర అందించి, "తాగు, యాడివని అడగబాకు," అన్నచోట బయ్యమ్మ తల ఊపింది.

"ఆఁ," అంది. "ఈయన మా తాతే."

ఆ ఎండాకాలంలోనే ఆమె పోయింది.

ఆ నాటకం ఆడేవాళ్ళ కోసం ఆదినారాయణ చాలా తిరిగాడు. రంగయ్య సమాజం ఆ ఊసే ఎత్తనివ్వలేదు. మార్కాపురంలో ఒకాయన కాగితాలు ఆరు నెలలు ఉంచుకుని, పాటలు లేవని తిప్పి పంపాడు. చివరికి గిద్దలూరులో కరుణాకరం అనే పంతులు, తనతోపాటు ఇంకో నలుగురు పంతుళ్ళను కూడగట్టి ఆడతానన్నాడు. 1938లో ఒక ఆదివారం. దీపాలు తెస్తానన్నవాడు రాకపోవడంతో వెలుగు ఉండగానే ఒక ఆవరణలో మొదలుపెట్టారు. నలభై మంది దాకా వచ్చారు. హాస్యం ఎప్పుడొస్తుందో అని చూసి చూసి సగం మంది లేచిపోయారు. అంకన్న వేసిన కరుణాకరం మాటలు రెండుచోట్ల మరిచిపోయాడు. కుక్క పాత్రకు తెచ్చిన కుక్క రంగస్థలం దిగి ఇంటికి పోయింది. అయినా చివరి రంగంలో సొరబుర్ర చేతులు మారేటప్పుడు, మిగిలినవాళ్ళలో ఒక్కరూ కదల్లేదు. ఆదినారాయణ ఒక పక్కన నిలబడి అది చూశాడు.

అయిపోయాక కరుణాకరం చెమట తుడుచుకుంటూ వచ్చాడు. "జనం తక్కువైనారు. మాటలు గూడ తడబడినా. ఏమనుకోబాకండి."

"ఆడినారు గదా పంతులుగారూ. అదే పదివేలు."

ముందు వరసలో గంగులమ్మ ఇంకా కూర్చునే ఉంది. అతను పిలిస్తే గూడెం నుంచి పొద్దున్నే బయలుదేరి వచ్చింది. ఆదినారాయణ ఆమె దగ్గరికి పోయి, ఎట్లా ఉందని అడగడానికి భయపడుతూ నిలబడ్డాడు. ఆమే అంది.

"బాగుండాది. ఒక్కటి తప్పినావు."

"ఏంది?"

"ఆ రాళ్ళు కొండమీదికి మోయించింది మా ఆడోళ్ళతోనే. మా అమ్మమ్మ గూడ మోసింది. తన నాయన చూపిచ్చిన చెలమ పక్కన పాతే రాయిని ఆమే నెత్తిన పెట్టుకోని పోయింది. అది పెట్టలేదే?"

ఐదేళ్ళు. ఎన్నిసార్లు పోయాడు, ఎన్ని పూటలు ఆ బండ మీద కూర్చున్నాడు!

"ఇన్నాళ్ళూ ఈ మాట ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నాడు, కోపం దాచుకోలేక.

"ఎప్పుడూ తాత సంగతే అడిగినావు," అంది గంగులమ్మ. "అమ్మమ్మ సంగతి ఎప్పుడడిగినావు?"

అతను సంచిలో పెన్సిల్ కోసం వెతికాడు. దొరకలేదు. కరుణాకరాన్ని అడిగి ఒకటి తెచ్చుకుని, ఆమె ఎదురుగా నేల మీద కూర్చున్నాడు.

"ఆమె పేరేంది?" అన్నాడు.